ఒక రైతు కంచె లెక్క: ‘కంటకోద్ధారిణీ’ వ్యాఖ్యాసహితం

మూలము

ఒక రైతుకు దీర్ఘచతురస్రాకారపు తోట కలదు. దాని పొడవు 60 మీటర్లు, వెడల్పు 40 మీటర్లు. ఆ తోట చుట్టూ మూడు వరుసలు ముళ్ళతీగ వేయుటకు, మీటరు 12 రూపాయల చొప్పున, ఎంత ఖర్చగును?

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథ సూరి మన మెదక్ సీమ వాడే. ఆయన ఊరిని ఇప్పుడు కొల్చారం అంటున్నారు. మూలంలో ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన నియమం పెట్టుకున్నాడు. ప్రస్తుత వ్యాఖ్యాత మొదటి నియమాన్ని శాయశక్తులా పాటిస్తాడు. రెండోది పాటిస్తే ఈ వ్యాఖ్య నాలుగు పంక్తుల్లో ముగిసిపోతుంది. పత్రిక వారు అంతకంటే ఎక్కువే అడిగారు.

పై మూలానికి కర్త ఎవరు? తెలియదు. అయిదో తరగతి పుస్తకంలో ఉంది, ఆరులో ఉంది, ఉద్యోగ పరీక్షల గైడుల్లోనూ ఉంది. అంకెలు మారతాయి గాని రైతు మారడు. అపౌరుషేయమనడానికి సాహసించం గాని, ఏ మాస్టారిని అడిగినా “మా మాస్టారు చెప్పారు” అనే అంటారు. ఆ మాస్టారికి చెప్పిన మాస్టారు దొరకరు.

కర్త తేలనప్పుడు కాలమైనా తేల్చాలి. అంతస్సాక్ష్యాలు రెండున్నాయి. ముళ్ళతీగ మొదటిది. మనం నేడు చూసే రకం ముళ్ళతీగకు అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రపు రైతు జోసెఫ్ గ్లిడెన్ 1874లో పేటెంటు పుచ్చుకున్నాడు. కనుక మూలం అంతకు ముందుది కానేరదు. మీటరు రెండోది. మన దేశంలో తూనికలనూ కొలతలనూ మెట్రిక్ పద్ధతికి మార్చే చట్టం 1956లో వచ్చింది. అందుచేత ఇప్పుడున్న రూపం ఆ తర్వాతిదని నిర్ణయం. ధర దగ్గర ప్రతులు కలవవు. పాత ప్రతుల్లో పైసలుంటాయి, కొత్తవాటిలో రూపాయలుంటాయి. ప్రతి ముద్రణలోనూ పరిష్కర్తలు తీగ ధర సవరించారు. రైతు ఆదాయం ఊసు ఏ ప్రతిలోనూ లేదు.

లెక్కకు టీక ఏమిటని నవ్వేవారికి ఒక మాట. తొమ్మిదో శతాబ్దిలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, మహావీరాచార్యుడు గణితసార సంగ్రహం రాసి అందులో క్షేత్రాల కొలతకు ఒక అధ్యాయమే ఇచ్చాడు. పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కను పద్యంలో చెప్పినవాళ్ళం, పద్యానికి టీక రాసినవాళ్ళం. మధ్యలో పద్యాన్ని తీసేస్తే తప్పేముంది?

ప్రతిపదార్థము

ఒక = పేరు చెప్పని; రైతుకు = సేద్యము చేయువానికి (కౌలుదారుకు కాదు; ‘కలదు’ అన్న క్రియ వల్ల సొంతదారని తెలియుచున్నది); దీర్ఘ = నిడుపైన; చతురస్ర = నాలుగు మూలలు గల; ఆకారపు = రూపము గల; తోట = చెట్లు గల చోటు (ఏ చెట్లో చెప్పలేదు); కలదు = ఉన్నది; దాని = ఆ తోట యొక్క; పొడవు = ఎక్కువ వైపు; వెడల్పు = తక్కువ వైపు; చుట్టూ = నాలుగు వైపులా, బయలుదేరిన చోటికి తిరిగి వచ్చువరకు; మూడు వరుసలు = ఒకదానిపై ఒకటిగా ముమ్మారు; ముళ్ళతీగ = ముళ్ళు గల ఇనుప తీగ; చొప్పున = లెక్కన; ఎంత = ఏపాటి; ఖర్చగును = చేతి నుండి పోవును?

తాత్పర్యము

తోట చుట్టూ ఒకసారి తిరిగితే 60, 40, 60, 40, వెరసి 200 మీటర్లు. మూడు వరుసలకు 600 మీటర్ల తీగ. 12 రూపాయల చొప్పున 7,200 రూపాయలు.

ఇంతే. ఇక విశేషాలు.

‘దీర్ఘచతురస్రాకారపు’

ఈ మాట శుల్బసూత్రాల నాటిది. బౌధాయనుడు యజ్ఞవేదికలకు తాడు పట్టి గీతలు గీయించిన కాలం నుంచి నడుస్తున్నది. లక్షణం ఏమిటంటే, ఎదురెదురు భుజాలు సమానంగా ఉండాలి, నాలుగు మూలలూ లంబకోణాలు కావాలి. ఈ రెండింటిలో మన లెక్కకు మొదటిదే పనికొస్తుంది. రెండోది ఉన్నా లేకున్నా ఒకటే.

అదెట్లా అంటే, కోళ్ళు వదులై ఒక పక్కకు ఒరిగిన నులకమంచాన్ని చూడండి. పట్టెలు నాలుగూ ఉన్న పొడవే ఉన్నాయి, అంగుళం తరగలేదు. కొలతాడు పెట్టి చుట్టూ కొలిస్తే కొత్త మంచానికీ దీనికీ తేడా రాదు. పడుకోబోయినవాడికి మాత్రం చోటు తగ్గింది, కాళ్ళు పట్టె దాటిపోతున్నాయి. మన తోట కూడా అలా ఒరిగిందనుకోండి. 90 డిగ్రీల మూల 30 డిగ్రీలకు వచ్చేసరికి 2,400 చదరపు మీటర్ల నేల సరిగ్గా సగమై 1,200 అవుతుంది. చుట్టుకొలత 200 మీటర్లే. తీగ ఖర్చు 7,200 రూపాయలే. సగం తోట పోయినా జవాబు మారదు, మాస్టారు టిక్కు పెడతారు.

అందుకే ఇంటికి ముగ్గు పోసే మేస్త్రీ నాలుగు వైపులు కొలిచి ఊరుకోడు. మూల నుంచి మూలకు క్రాస్ కొలుస్తాడు. రెండు కర్ణాలూ ఒకటైతేనే మూలమట్టం కుదిరినట్టు. మన తోటకు అవి చెరొక 72 మీటర్ల 11 సెంటీమీటర్లు రావాలి. మూలకారుడు ఆ మాట ఎత్తలేదు. ఆయనకు నేలతో పని లేదు, తీగతోనే పని. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు ముందు దీని మీదే కథ నడుస్తుంది.

‘పొడవు 60 మీటర్లు, వెడల్పు 40 మీటర్లు’

ఇక్కడ సంప్రదాయంలో ఒక సూత్రం ఉంది: రెండు ఇంటూ బ్రాకెట్లో పొడవు ప్లస్ వెడల్పు. మూలంలో లేకపోయినా పిల్లలందరికీ నోటికి వస్తుంది. దీని అన్వయంలో వైయాకరణులకు పెద్ద చర్చ. ‘పొడవు వెడల్పులు’ ద్వంద్వ సమాసం. దాని ముందు ‘రెండు’ అన్న సంఖ్యావాచకం వచ్చింది కనుక ద్విగువు కాదా అని శంక. ద్విగువైనా ద్వంద్వమైనా, ఆ రెండు జంట మొత్తానికి విశేషణం కావాలి, ఒక్క పొడవుకే కారాదు. ఈ అన్వయక్లేశం తీర్చడానికే బ్రాకెట్టు పుట్టింది.

బ్రాకెట్టు మరచినవాడు రెండు అరవైలు నూట ఇరవై, ప్లస్ నలభై, నూట అరవై అంటాడు. తప్పని ఎర్ర ఇంకుతో కొట్టేసి పోవడం మాస్టారి పని. వ్యాఖ్యాత అలా పోరాదు, తప్పుకు కూడా అర్థం చెప్పాలి. 160 మీటర్లంటే 60, 60, 40. ఆ కుర్రవాడు మూడు వైపులా కంచె వేసి నాలుగో వైపు వదిలేశాడన్నమాట. 40 మీటర్లు బార్లా తెరిచి ఉంది, గేదెలు ఆ దారినే వస్తాయి. ఇంకొకడు 60, 40 కలిపి 100 అని ఊరుకుంటాడు. వాడిది రెండు వైపుల కంచె, ఒక మూల చూసుకుని పని అయిందనుకున్నాడు. ఈ ఇద్దరూ తోట గట్టు మీద నడిచి మధ్యలో ఆగినవాళ్ళే. ఇంకొంచెం నడిస్తే ఇల్లు చేరతారు.

మూడోవాడు వేరు. వాడు 60ని 40తో గుణించి 2,400 అన్నాడు. నేలను తీగగా సాగదీయబోయాడు. ఆ లెక్కన మూడు వరుసలకు 7,200 మీటర్ల తీగ, 86,400 రూపాయలు. అలాంటి తోటలు పన్నెండింటికి సరిపోతుంది. మొదటి ఇద్దరి తప్పులో తోట ఉంది, వీడి తప్పులో తోటే లేదు, గుణకారం మాత్రమే ఉంది. అయినా పరీక్షలో ముగ్గురికీ సున్నాయే. ఈ వ్యాఖ్యాత చేతిలో ఉంటే మూడు వైపులవాడికి నాలుగింట మూడు మార్కులు వేసేవాడు.

‘చుట్టూ’

ఈ ఒక్క మాటలో లెక్కంతా ఉంది. వ్యాఖ్యలో సగం కూడా దీనికే పోతుంది.

ముందు పూర్వపక్షం: చుట్టు పెద్దదైతే నేల పెద్దది. ఇలా అనుకున్నవాళ్ళు సామాన్యులు కారు. క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దికి చెందిన గ్రీకు చరిత్రకారుడు థూసిడిడీస్ సిసిలీ ద్వీపం ఎంత పెద్దదో చెప్పడానికి, సరుకు ఓడలో దాన్ని చుట్టి రావడానికి ఎనిమిది రోజులకు కాస్త తక్కువ పడుతుందని రాశాడు. చుట్టి రావడానికే వారమైతే లోపల ఎంత దేశముందో అని చదువరి గుండెలు బాదుకోవాలని ఆయన ఉద్దేశం.

సిద్ధాంతం: కాదు. దీనికి ప్రమాణం ఇంకొక గ్రీకు పండితుడు, ప్రోక్లస్. ఆయన కూడా మనలాంటి వ్యాఖ్యాతే, క్రీస్తుశకం అయిదో శతాబ్దిలో యూక్లిడ్ జ్యామితికి టీక రాశాడు. భూములు పంచుకునేటప్పుడు కొందరు గడుసువాళ్ళు చుట్టుకొలత ఎక్కువ, నేల తక్కువ ఉన్న ముక్కలు తోటివారికిచ్చి, చుట్టుకొలత తక్కువ, నేల ఎక్కువ ఉన్నవి తాము పుచ్చుకున్నారని అందులో చెప్పాడు. పైగా వాళ్ళకే ధర్మాత్ములన్న పేరు వచ్చిందట. గట్టు వెంట నడిచి చూసినవాడికి తన ముక్కే పెద్దదిగా తోచింది. మోసం పంట చేతికొచ్చాక గాని తెలియదు.

మన తోట తీగతోనే ఇది చూడవచ్చు. 200 మీటర్ల చుట్టుతో 50కి 50 చతురస్రం వేస్తే 2,500 చదరపు మీటర్లు. మన 60కి 40లో 2,400. 70కి 30లో 2,100. 90కి 10లో 900. 99కి ఒకటి వేస్తే 99 చదరపు మీటర్లు, అందులో మొక్కలు నాటడం కాదు, మనిషి తిరగడమే కష్టం. కారణం సులువు. నాలుగు భుజాల సగటు 50. మన తోట పొడవు దానికి 10 ఎక్కువ, వెడల్పు 10 తక్కువ. పది పదులు వంద, ఆ వంద లోటు. 90కి 10లో తేడా 40, నలభై నలభైలు పదహారు వందలు లోటు. చతురస్రం నుంచి ఎంత పక్కకు జరిగితే దాని వర్గమంత నేల హరించుకుపోతుంది.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. నేల అంతే ఉంచి చుట్టు మార్చడం. ఇది మన ఊళ్ళ సంగతి కనుక మీటర్లు వదిలి అడుగుల్లోకి రావాలి. ఎకరం 43,560 చదరపు అడుగులు. ఈ వికారపు అంకె గుంటర్ గొలుసుతో కొలిస్తే చక్కబడుతుంది. ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లీషువాడు 1620లో వాడుకలోకి తెచ్చిన సర్వే గొలుసు పొడవు 66 అడుగులు, అందులో వంద లింకులు. క్రికెట్ పిచ్‌లో వికెట్టుకూ వికెట్టుకూ మధ్య దూరమూ అదే. ఒక గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడవు ఉన్న పట్టీ ఎకరం. ఆంధ్రలో దాన్ని వంద సెంట్లు చేసుకున్నారు. తెలంగాణలో 33 అడుగుల చదరం ఒక గుంట, 40 గుంటలు ఎకరం.

ఆ పట్టీ ఎకరం, అంటే 66కి 660 అడుగులు, చుట్టుకొలత 1,452 అడుగులు. అదే ఎకరం చదరంగా ఉంటే భుజం దాదాపు 208 అడుగుల 9 అంగుళాలు, చుట్టు 835 అడుగులు. ఇద్దరి పాసుపుస్తకాల్లోనూ ఒక ఎకరమే ఉంటుంది. ధరా ఒకటే, శిస్తు ఉన్న రోజుల్లో శిస్తూ ఒకటే. కంచె దగ్గరికి వచ్చేసరికి పట్టీవాడికి ఒకటి ముప్పావు రెట్లు ఖర్చు. దస్తావేజులో హద్దులు పూసగుచ్చినట్టు రాస్తారు: తూర్పున ఫలానా వారి భూమి, దక్షిణం పంట కాలువ, పడమర డొంక, ఉత్తరం ఫలానా వారి తోట, ఈ నాల్గు హద్దుల మధ్య గల ఇంత. చుట్టూ ఎవరున్నారో రాస్తారు గాని చుట్టూ ఎంతుందో రాయరు. ఆ కొలతలు సర్వే వారి కొలతల పుస్తకం ఎఫ్‌ఎంబీలో, తెలంగాణలో అయితే టిప్పన్‌లో ఉంటాయి. తగాదా వచ్చేదాకా ఆ కాగితం ఎవరూ అడగరు. కొనేది లోపలి నేలనైనా, జీవితాంతం ఖర్చు పెట్టేదీ పోట్లాడేదీ చుట్టు మీదనే అని ఈ వ్యాఖ్యాత సిద్ధాంతం.

దీనికి దృష్టాంతం అన్నదమ్ముల పంపకం. పట్టీ ఎకరాన్ని ఇద్దరు పంచుకోవాలి. అడ్డంగా కోస్తే చెరొక 66కి 330, నడిమి గట్టు 66 అడుగులు. నిలువునా కోస్తే చెరొక 33కి 660, నడిమి గట్టు 660 అడుగులు. అంకెలు తెలిసిన ఎవడైనా అడ్డంగానే కొయ్యమంటాడు. పది రెట్ల తేడా! అయినా మన ఊళ్ళలో నిలువునే కోస్తారు. వాళ్ళకు లెక్క రాక కాదు. రోడ్డు ఒక కొసన ఉంటుంది. కాలువ తూమూ ఆ కొసనే. అడ్డంగా కోస్తే వెనక వాటావాడు బండి తోలుకోవాలన్నా, మడికి నీళ్ళు పెట్టుకోవాలన్నా ముందు వాటావాడి దయ కావాలి. అన్నదమ్ములు బాగున్నన్నాళ్ళూ దయకు లోటు ఉండదు. వాళ్ళ పిల్లల నాటికి ఉంటుందా అన్నది పెద్దమనుషులు ఆలోచిస్తారు. అందుకే 660 అడుగుల గట్టుకు ఒప్పుకుంటారు. పుస్తకంలో చతురస్రం గెలుస్తుంది, ఊళ్ళో రోడ్డు గెలుస్తుంది.

గెలిచిన రోడ్డుకు మూల్యం ఉంది. గట్టు రెండడుగుల వెడల్పు వేసుకున్నా 660 అడుగులకు 1,320 చదరపు అడుగులు, అంటే మూడు సెంట్ల నేల గట్టుకిందే పోయింది. ఇక ఏటా దుక్కి దున్నేటప్పుడు ట్రాక్టరు కల్టివేటరు చివరి కొర్రు గట్టు పాదానికి తగులుతుంది. మన్ను గుప్పెడు గుప్పెడుగా ఇవతలికి రాలుతుంది. డ్రైవరు వెనక్కి తిరిగి చూడడు, చూడవలసినవాడు చెట్టు కింద బీడీ కాలుస్తుంటాడు. మూడంగుళాలు జరిగిందనుకోండి. 660 అడుగుల పొడవున అది 165 చదరపు అడుగులు, సెంటులో మూడో వంతుకు పైమాటే. అడ్డంగా కోసిన 66 అడుగుల గట్టు మీద అదే మూడంగుళాలు 16 చదరపు అడుగుల చిల్లర. దానికోసం ఎవడూ ప్లీడరు దగ్గరికి పోడు. ఆంధ్రలో గట్టు తగాదా, తెలంగాణలో గెట్టు పంచాయితీ. పాఠాంతరం ఎలా ఉన్నా తగాదా బలం గట్టు పొడవును బట్టే ఉంటుంది.

‘మూడు వరుసలు ముళ్ళతీగ’

మూడే ఎందుకు? త్రిమూర్తులనీ, త్రిగుణాలనీ కొందరు. మూడో ఎక్కం పిల్లలకు తేలికనే మాట యుక్తం. మేకలున్న ఊళ్ళో మూడు వరుసలు చాలవు. కింది వరుస కిందనుంచి దూరుతాయి.

ఇక్కడ అలంకారం విభావన. కారణం లేకుండా కార్యం జరిగినట్టు చెప్పడం విభావన లక్షణం. ముళ్ళతీగ మూడు వరుసలుగా నిలబడింది, నిలబెట్టే కడీలు మూలంలో ఎక్కడా లేవు! రాతి కడీలు లేవు, గుంతలు తవ్విన కూలీలు లేరు, మూలల దగ్గర తీగ లాగుడుకు కడీ ఒరిగిపోకుండా ఏటవాలుగా పెట్టే ఊతరాయీ లేదు. అంతా గాలిలోనే. కంచె అంత ఉన్నా తోటలో గేదెలు పడ్డాయంటే అది విశేషోక్తి, కారణం ఉండీ కార్యం లేకపోవడం. పక్కపక్కనే రెండు అలంకారాలు పొసగిన లెక్క ఇంకొకటి లేదు.

పోనీ కడీలు మనమే పాతుదాం, రెండు మీటర్లకొకటి. 200 మీటర్లకు ఎన్ని? నూరు ఖాళీలకు నూట ఒక్క కడీలు అని చురుకైన పిల్లలు అంటారు. తిన్నని దారి పక్కన పాతితే వాళ్ళ మాట నిజమే. ఇక్కడ చివరి ఖాళీ వచ్చి మొదటి కడీకే తగులుతుంది. కనుక నూరు ఖాళీలకు నూరు కడీలే. ‘చుట్టూ’ అన్న మాటకు ‘బయలుదేరిన చోటికి తిరిగి వచ్చువరకు’ అని పైన అర్థం చెప్పినందుకు ఒక కడీ మిగిలింది.

‘మీటరు 12 రూపాయల చొప్పున’

ఇది కవిసమయం. ముళ్ళతీగను కొట్టువాడు చుట్టలుగా కట్టి కాటా మీద పెట్టి కిలోల లెక్కన అమ్ముతాడు. కిలోకు ఎన్ని మీటర్లు వస్తుందో గేజిని బట్టి మారుతుంది. 12 గేజి లావు, 14 గేజి సన్నం. సన్నం తీసుకుంటే కిలోకు ఎక్కువ పొడవు వస్తుంది, తుప్పు పట్టేదీ ముందే. మీటరుకు ఇంత అని అడిగినవాణ్ణి కొట్టువాడు ఎగాదిగా చూసి, “అబ్బాయి ఏ క్లాసు?” అంటాడు. బండి బాడుగ, జీఎస్టీ అదనం. వీటిని మూలకారుడు ధ్వనిమార్గంలో వదిలిపెట్టాడని సమన్వయించుకోవాలి.

ప్రక్షిప్త విచారం

కొన్ని ప్రతుల్లో ‘గేటు కొరకు 4 మీటర్లు విడిచి’ అని అదనపు పాఠం కనబడుతున్నది. అప్పుడు 196 మీటర్లు, మూడు వరుసలకు 588, ఖర్చు 7,056 రూపాయలు. కడీలు 98 ఖాళీలకు 99, ఎందుకంటే చుట్టు తెగింది. ఇది తరువాతి వారు చేర్చినదని శుద్ధపాఠ పక్షపాతులు అంటారు. గేటు పెడితే సూత్రం సౌష్ఠవం చెడుతుందని వాళ్ళ బాధ. వాళ్ళను ఒక్కటే అడగాలి. గేటు లేని ఆ తోటలో రైతు లోపలున్నాడా, బయటున్నాడా? బయటుంటే పండించలేడు, లోపలుంటే అమ్ముకోలేడు. మూలకారుడు తోట కలదన్నాడు గాని రైతు ఎక్కడ కలడో చెప్పలేదు. కనుక గేటు పాఠమే గ్రాహ్యం. 144 రూపాయల తీగ మిగులుతుంది కూడా. గేటు చేయించడానికి అంతకు ఎన్నో రెట్లు అవుతుంది, అది లెక్కలో లేదు.

అభ్యాసము

పై రైతుకు ఇద్దరు కొడుకులు. తోటకు 40 మీటర్ల వైపున రోడ్డు కలదు.

అ) ఇద్దరికీ రోడ్డు వచ్చునట్లు సమానముగా పంచిన, నడిమి కంచె పొడవెంత?

ఆ) అడ్డముగా పంచిన ఎంత?

ఇ) అడ్డముగా పంచినప్పుడు వెనుక వాటాకు దారి ఎవరి వాటాలో నుండి తీయవలెను?

ఈ) బోరు ముందు వాటాలో ఉన్నచో కరెంటు బిల్లు ఎవరు కట్టవలెను?

జవాబులు: అ) 60 మీ. ఆ) 40 మీ.